హాల్డర్‌బీ పెట్టెకు మూడు తాళాలు

మంగళవారం పొద్దున హెర్బర్ట్ ఆడ్లింగ్ వేసుకున్న లెక్క చాలా తేలిక. తొమ్మిదిన్నరకు చర్చి తలుపు తీయాలి. పదికల్లా పెట్టె తాళాలు తీయాలి, పదిన్నరకల్లా లోపల దుమ్ము దులపాలి. పదకొండుకు బిషప్ గారి పెద్ద చర్చి అయిన కథీడ్రల్ నుంచి వచ్చే డాక్టర్ పెవెరిల్‌కు పెట్టె చూపించి, మధ్యాహ్నానికి ఇంటికి చేరి పోర్క్-పై అనే మాంసపు రొట్టె తినాలి. నలభై ఏళ్లు ఇనప సామాన్ల కొట్టు నడిపిన మనిషి కనుక ప్రతి పనికీ పది నిమిషాలు తరుగు కూడా కలుపుకున్నాడు. మేకులకైతే తరుగు ఎంతో ఆయనకు కచ్చితంగా తెలుసు. మనుషులకు ఎంత కలపాలో మాత్రం కొట్లో ఎవరూ నేర్పలేదు.

ఆ పెట్టె హాల్డర్‌బీ చర్చిలో ఉత్తరపు గోడ పక్కన, సర్ జెర్వేస్ అనే పాతకాలపు వీరుడి సమాధి కాళ్ల దగ్గర ఆరువందల ఏళ్లుగా ఉంది. ఒకే ఓక్ మానును తొలిచి చేసి, చుట్టూ ఇనప పట్టీలు కొట్టారు. ముందు వైపు మూడు తాళాలు. ఒక తాళం చెవి చర్చి గురువైన రెక్టార్ దగ్గర, మిగతా రెండూ ఊరి తరఫున చర్చిని చూసుకునే ఇద్దరు వార్డెన్ల దగ్గర ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడ్లింగ్. ముగ్గురూ ఒకేసారి చెవులు తిప్పి పట్టుకుంటే తప్ప మూత లేవదు, ఎవరు వదిలినా కొండి మళ్లీ పడిపోతుంది. ముగ్గురిలో ఇద్దరు దొంగలైనా మూడోవాడు అడ్డుపడతాడని పాతకాలం వాళ్ల ధీమా. ముగ్గురూ మంచివాళ్లే అయి కూడా ఒకచోట చేరకపోవచ్చని వాళ్లకు తట్టినట్టు లేదు. ఆఖరిసారి ఆ పెట్టెను పద్ధతి ప్రకారం తెరిచింది రాణిగారి పాతికేళ్ల ఉత్సవంనాడు. అప్పటికి ఆడ్లింగ్ జుట్టు నల్లగా ఉంది.

లోపల ఉన్నది సర్ జెర్వేస్ శవపేటిక మీద కప్పిన వస్త్రం. ఆయన భార్య అమాబెల్ స్వయంగా బంగారు దారంతో దేవదూతలను కుట్టిందట. వారం కిందట కథీడ్రల్ నుంచి ఉత్తరం వచ్చింది. మంగళవారం పదకొండు గంటలకు పెట్టె తెరిచి, వస్త్రం క్షేమంగా ఉందని చూపిస్తే సరే, లేకపోతే పెట్టెతో సహా కథీడ్రల్ భాండాగారానికి తరలిస్తారని అందులో చాలా మర్యాదగా రాసి ఉంది. అంత మర్యాదగా రాసిన ఉత్తరానికి తిరుగుండదని ఆడ్లింగ్‌కు తెలుసు. ఊళ్లో బడి పోయింది, బస్సు పోయింది, పబ్బు పోయింది, ఆయన కొట్టు కూడా మూతపడింది. ఇప్పుడు పెట్టె కూడా పోతే హాల్డర్‌బీ అంటే రోడ్డు మీద ఒక మలుపు మాత్రమే.

ఆయన వచ్చేసరికి తలుపు తీసే ఉంది, ఐవీ బ్లేడ్స్ అప్పటికే నేల తుడుస్తోంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని చర్చి శుభ్రం చేయడం ఆవిడ పని.

"ఐవీ, ఇవాళ పెద్దమనిషి వస్తున్నాడు. బకెట్టు ఇక్కడ కనబడకూడదు. వెళ్లి బయట వసారా కడుగు" అన్నాడు ఆడ్లింగ్.

"వసారా శనివారమే కడిగానండీ. నాకు పెట్టె దగ్గర చిన్న పనుంది."

"పెట్టె దగ్గర నీకేం పని? ఇవాళ పెట్టె సంగతి మేం ముగ్గురం చూసుకుంటాం."

"ముగ్గురా? అయితే నేను మధ్యాహ్నం దాకా వసారా కడగొచ్చు" అని ఐవీ బకెట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నర గంట కొట్టేవేళకు రెండో వార్డెన్ మార్జరీ లెగేట్ వచ్చింది. చేతిసంచిలో మఖమల్ గుడ్డ, గుడ్డలో తాళం చెవి. ఆడ్లింగ్‌కూ ఆవిడకూ పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కారణం సర్ జెర్వేస్ పాలరాతి బొమ్మ కాళ్ల కింద పడుకున్న జంతువు. దాని తల ఎప్పుడో విరిగిపోయింది. అది సింహమని ఆడ్లింగ్ చర్చి కరపత్రంలో రాశాడు. కాదు కుక్క అని మార్జరీ వేరే కరపత్రం అచ్చు వేయించింది. అప్పటి నుంచి తలుపు దగ్గర బల్ల మీద రెండు దొంతరలూ పక్కపక్కనే ఉంటున్నాయి. చూడవచ్చిన వాళ్లు గొడవెందుకని రెండూ తీసుకుపోతారు.

మార్జరీ గోడకు చెక్కిన దేవదూతను చూస్తూ, "కొందరు ముందే వచ్చినట్టున్నారు" అంది.

ఆడ్లింగ్ బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టితో, "కొందరు సమయానికి రావడం మంచిదే" అన్నాడు.

రెక్టార్ ఫిలిపా రావడానికి పదిన్నర అయింది. ఆవిడకు ఆరు ఊళ్ల చర్చిలు, ఒక్క కారు. హాల్డర్‌బీలో ఆవిడను అందరూ రెక్టారమ్మ అంటారు. వస్తూనే, "క్షమించాలి, పన్నెండింటికి పక్కూరు మింథార్ప్‌లో ఖననం ఉంది, కారు గేటుకు అడ్డంగానే వదిలేశాను. ఎంతసేపూ, పది నిమిషాలేగా?" అని గుత్తి తీసింది. గుత్తి అంటే గుత్తే. ఆరు చర్చిల తలుపులు, గంటస్తంభాలు, బాయిలర్ గదులు, ఇల్లు, కారు అన్నీ కలిపి ముప్పై ఏడు చెవులు ఒక్క ఇనప రింగుకు వేలాడుతున్నాయి.

"ఇందులో పెట్టెది ఏదమ్మా?" అన్నాడు ఆడ్లింగ్.

"ఉన్నదైతే నిజం" అంది రెక్టారమ్మ.

పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఇరవై రెండోది లోపలికి వెళ్లింది, సగం తిరిగింది, అక్కడే ఆగిపోయింది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

"అది మింథార్ప్ బాయిలర్ గదిది అనుకుంటా" అంది రెక్టారమ్మ చిన్నగా.

"అయితే దాన్ని రింగులోంచి తప్పించి వదిలేద్దాం."

"రింగు తెరుచుకోదండీ. నేను చెవులు పోగొట్టుకుంటున్నానని మా ఆయన క్రిస్మస్‌కు దాన్ని వెల్డింగ్ చేయించాడు."

అంటే కారు తాళం పెట్టెకు చిక్కింది. కారు గేటుకు అడ్డంగా ఉంది. రెక్టారమ్మ ఒకచోట, ఖననం మరోచోట. ఆడ్లింగ్ జేబులోంచి నూనె సీసా తీశాడు.

"నూనె పోస్తే ఓక్ మీద మరక పడుతుందని ఎవరైనా చెబితే బాగుండు. తేనెమైనం రాయాలి" అంది మార్జరీ గోడమీది దేవదూతతో.

"నలభై ఏళ్లు తాళాలు అమ్మినవాడికి మైనం పాఠాలు చెప్పే కాలం వచ్చింది" అన్నాడు ఆడ్లింగ్ రాతి తొట్టితో.

"మీరిద్దరూ నాతో మాట్లాడొచ్చు, నేనెక్కడికీ వెళ్లలేను" అంది రెక్టారమ్మ. "ముందు మీ తాళాలు తీయండి. ఆ రెండూ వదులైతే నాదీ వదులవుతుందేమో."

ఆడ్లింగ్ ఎడమ వైపు కూర్చుని తన చెవి పెట్టాడు. తిరగలేదు. మార్జరీ కుడి వైపు కూర్చుని తనది పెట్టింది. అదీ తిరగలేదు. ఇద్దరి మొహాలూ ఒకేలా ఎర్రబడ్డాయి. రెక్టారమ్మ అటూ ఇటూ చూసి, "ఒకసారి చోట్లు మారి చూడండి" అంది.

"ఇది మా తాత మోకాలు ఆన్చిన చోటమ్మా" అన్నాడు ఆడ్లింగ్.

"ఈ చోటు లెగేట్లది అయి నూటపదేళ్లు" అంది మార్జరీ.

"ఖననం పన్నెండింటికి" అంది రెక్టారమ్మ.

దాంతో ఇద్దరూ మోకాళ్ల మీదే పాకుతూ, రెక్టారమ్మ వెనక నుంచి ఒకరిని ఒకరు తాకకుండా చోట్లు మారారు. చెవులు పెట్టగానే రెండు తాళాలూ వెన్నలో కత్తి దిగినట్టు తిరిగాయి. ఏటా శరదృతువులో ఎవరి తాళానికి వాళ్లు నూనె పోసుకుంటున్నామనుకున్నారు. ఇన్నేళ్లూ ఒకరి తాళానికి మరొకరు పోస్తున్నారన్నమాట. దాన్ని స్నేహం అందామంటే ఇద్దరూ ఒప్పుకోరు.

"వదలకండి! వదిలితే కొండి పడిపోతుంది" అన్నాడు ఆడ్లింగ్. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి నేరుగా మార్జరీతో మాట్లాడానని నోరు మూశాక గాని ఆయనకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడే చర్చి తలుపు కిర్రుమంది.

సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. ప్యాంటు కాళ్లకు సైకిల్ క్లిప్పులు, బూట్లకు బురద, వీపున సంచి. కథీడ్రల్ నుంచి వచ్చే డాక్టర్ పెవెరిల్ కోసం ఎదురు చూస్తున్న ఆడ్లింగ్‌కు ఆ మనిషి ఎవరో సైకిలు యాత్రికుడిలా కనిపించాడు. ఊళ్లు తిరిగేవాళ్లు దారిలో చర్చిలో కూర్చుని ప్రార్థన చేసుకోవడం మామూలే.

ఆ మనిషి అటు చూశాడు. పెట్టె ముందు ముగ్గురు వరసగా మోకాళ్ల మీద ఉన్నారు, మధ్యలో రెక్టార్ తెల్ల కాలరుతో తల వంచి ఉంది. ఆయన వెంటనే టోపీ తీసి, పిల్లిలా నడుచుకుంటూ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

"ఎవరో ప్రార్థనకు వచ్చారు. మనం చప్పుడు చేయకూడదు" అని గొణిగాడు ఆడ్లింగ్.

"దుఃఖంలో ఉన్నట్టున్నాడు పాపం, మొహం చూశారా?" అని గొణిగింది మార్జరీ.

"మరి మనం ఏం చేస్తున్నామని అనుకుంటాడు?" అంది రెక్టారమ్మ.

ముగ్గురూ ఒకసారి ఆలోచించారు. అపరిచితుడి ముందు తాళంతో కుస్తీ పట్టడం కన్నా ప్రార్థన చేస్తున్నట్టు ఉండడమే గౌరవం. రెక్టారమ్మ గొంతు సవరించుకుని రోగుల కోసం ప్రార్థన మొదలుపెట్టింది. వెనక నుంచి ఆ మనిషి సన్నగా "ఆమేన్" అన్నాడు. ఇక ఆపడానికి లేకుండా పోయింది. రోగులయ్యాక రైతులు, రైతులయ్యాక రాజకుటుంబం, తర్వాత సముద్రం మీద ఉన్న నావికులు. హాల్డర్‌బీకి సముద్రం నలభై మైళ్లు.

మధ్యమధ్య ప్రార్థన ఆగినప్పుడల్లా ముగ్గురూ పెదాలు కదపకుండా మాట్లాడుకున్నారు.

"నా చెయ్యి తిమ్మిరెక్కింది, వదిలేస్తాను."

"వదిలితే మళ్లీ తిరగదు మార్జరీ, పట్టుకో."

"నువ్వు నన్ను మార్జరీ అన్నావు."

"మిసెస్ లెగేట్ అనేంత ఊపిరి లేదు."

వెనక ఆ మనిషి జేబులోంచి రెండు కరపత్రాలూ తీసి ఒకటి చదివి, రెండోది చదివి, లేచి సమాధి దాకా వచ్చి జంతువును చూసి, మళ్లీ మొదటిది చదివాడు. ముగ్గురూ తలలు ఇంకా వంచేశారు. ఆయన తనవల్ల ప్రార్థనకు భంగం కలిగిందేమోనని రెండు చేతులూ ఎత్తి క్షమాపణ చెప్పినట్టు ఊపి, ఇంకా వెనక బల్లకు వెళ్లి కూర్చున్నాడు.

గడియారం పదకొండు కొట్టింది. ఆ మనిషి తన గడియారం చూసుకున్నాడు. ఆడ్లింగ్ తలుపు వైపు చూశాడు. డాక్టర్ పెవెరిల్ రాలేదు. ఆలస్యమైతే మంచిదే, ఈ లోపల యాత్రికుడు వెళ్లిపోతే పని కానిచ్చుకోవచ్చు అనుకున్నాడు. పదకొండూ పది అయింది. రెక్టారమ్మ చనిపోయినవాళ్లను మొదలుపెట్టి, పేరుపేరునా సర్ జెర్వేస్ దాకా వచ్చేసింది. పదకొండుంబావుకు ఆ మనిషి నిట్టూర్చి, సంచి వీపున వేసుకుని, మునివేళ్ల మీద తలుపు దగ్గరకు వెళ్లాడు.

వసారాలోంచి ఐవీ గొంతు వినిపించింది. "తడి నేల, జాగ్రత్త బాబూ. అప్పుడే వెళ్తున్నారేం?"

"పదకొండుకు పెట్టె చూడాలని వచ్చానమ్మా. కథీడ్రల్ నుంచి. నా పేరు పెవెరిల్. లోపల ప్రార్థన జరుగుతోంది, మధ్యలో అడగడం బాగుండదు. పెట్టె తెరవడం కుదరలేదని రాసేస్తాను. లారీ శుక్రవారం పంపిస్తారు."

ఆడ్లింగ్ తాళం చెవి వదలకుండానే తలుపు వైపు మెడ తిప్పాడు. అరిచి పిలుద్దామంటే రెక్టారమ్మ ఇంకా సర్ జెర్వేస్ ఆత్మశాంతిలోనే ఉంది. దేవుడి పేరు మధ్యలో తెంచడానికి ఆయన నాలుక రాలేదు. లేచి పరిగెడదామంటే చెవి వదలాలి. ఊరి సొత్తు తలుపు దాటి పోతోంది, తను మోకాళ్ల మీద కూర్చుని ఆమేన్ కోసం కాచుకుని ఉన్నాడు.

"ప్రార్థనా?" అంది ఐవీ. "మంగళవారం పూట ప్రార్థన ఎవరు చేస్తారండీ ఈ ఊళ్లో? రండి లోపలికి. నాకూ ఆ పెట్టెలో పాలిష్ కావాలి, పొద్దుటి నుంచి అడుగుతున్నాను."

ఐవీ బకెట్టు ముందు, డాక్టర్ పెవెరిల్ వెనక వచ్చారు. ఐవీ మోకాళ్ల మీద ఉన్న ముగ్గురినీ చుట్టి, పెట్టెకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి పక్కవాటంగా దూరింది. ఠక్, ఠక్ మని రెండు చప్పుళ్లు. మడతబందుల్లోంచి రెండు ఇనప చీలలు లాగి ఆప్రాన్ జేబులో వేసుకుంది. మూతను వెనక నుంచి ఎత్తింది. మూడు తాళాలూ ముందు భద్రంగా ఉండగానే పెట్టె మొసలి నోటిలా వెనక వైపు తెరుచుకుంది. అందులోంచి పాలిష్ డబ్బా తీసింది, నాలుగు గుడ్డలు తీసింది, అల్లం బిస్కట్ల డబ్బా తీసి డాక్టర్ ముందుకు చాచింది.

"తీసుకోండి బాబూ. సైకిలు తొక్కి వచ్చినట్టున్నారు."

"అవునమ్మా" అని డాక్టర్ పెవెరిల్ బిస్కటు తీసుకున్నాడు. ఆ తర్వాత తాను ఏం చూశాడో ఆయనకు తెలిసినట్టుంది, బిస్కటు నోట్లోనే ఆగిపోయింది.

"ఐవీ!" అన్నాడు ఆడ్లింగ్.

"ఐవీ!" అంది మార్జరీ.

"ఐవీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి, ఈ చెవి సంగతి కూడా చూడు" అంది రెక్టారమ్మ.

ఐవీ చేయి లోపలికి పోనిచ్చి, టీ చెంచా కాడతో తాళాన్ని లోపలి వైపు నుంచి పొడిచింది. గుత్తి మొత్తం గలగలమని రెక్టారమ్మ ఒడిలో పడింది. ఆవిడ ఆమేన్ కూడా అనకుండా మింథార్ప్‌కు పరుగెత్తింది.

మిగిలింది ఇద్దరు వార్డెన్లు. ఆడ్లింగ్ మనసులో లెక్క ముగిసింది. కొనేవాడి కళ్లముందే కొట్టు వెనక గోడ కూలినట్టయింది. మూడు తాళాలున్న పెట్టె వెనక నుంచి తెరుచుకుంటే, పైగా అందులో బిస్కట్లుంటే, ఏ భాండాగారం వదులుతుంది?

"వస్త్రం?" అన్నాడు డాక్టర్ పెవెరిల్.

"అడుగున ఉంది. చేతులు కడుక్కుని ముట్టుకోండి" అంది ఐవీ.

ఆయన తెల్ల గ్లవుజులు తొడుక్కుని కూర్చున్నాడు. అడుగున పాత దిండుగలీబు ఒకటి, దాని లోపల ఇంకొకటి, మడతల మధ్య ఎండిన లావెండర్ పూలు, మూలమూలకూ చిమ్మెటలు రాకుండా గుర్రపు చెస్ట్‌నట్ కాయలు. మెల్లగా విప్పాడు. బంగారు దారంతో కుట్టిన దేవదూతలు పొద్దుటి వెలుగులో ఒక్కసారి కళ్లు తెరిచినట్టు మెరిశారు. చిమ్మెట కొట్టలేదు, బూజు పట్టలేదు, ఒక్క మడత కూడా చీలలేదు. మార్జరీ చెయ్యి ఆడ్లింగ్ మోచేతిని పట్టుకుంది. ఆయనా విడిపించుకోలేదు.

"ఎవరు చూసుకుంటారు దీన్ని?" అన్నాడు డాక్టర్ పెవెరిల్.

"నేనే. ఏటా మే నెలలో ఎండ లేని పొడి రోజు చూసి బయటకు తీసి, వేరే మడత వేసి పెడతాను. ఒకే మడత ఉంటే విరిగిపోతుంది కదండీ. కాయలు అక్టోబరులో మారుస్తాను. వారానికి రెండుసార్లు మూత తీస్తాను కనుక గాలి ఆడుతుంది."

"ఎవరు నేర్పారు?"

"మా అత్తగారు. ఆవిడకు వాళ్లత్తగారు. చీలల సంగతి కూడా అలాగే వచ్చింది. తాళాలు పెద్దవాళ్లవి బాబూ, పెట్టె తుడిచేవాళ్లది."

డాక్టర్ పెవెరిల్ వస్త్రాన్ని మళ్లీ ఐవీ మడత ప్రకారమే మడిచాడు. "మా భాండాగారంలో ఇలాంటివి పదకొండున్నాయి. గాజు బీరువాలు, తేమ కొలిచే యంత్రాలు, రాత్రింబవళ్లు కాపలా. నాలుగింటికి బూజు పట్టింది. మూడు తాళాల పెట్టెలైతే నేను పద్నాలుగు చూశాను. ముగ్గురూ కలిసేదాకా ఎవరూ తెరవక అన్నీ లోపల కుళ్లిపోయాయి" అన్నాడు. సంచిలోంచి కాగితం తీసి, పెట్టె ఊళ్లోనే ఉండాలని రాశాడు. సంరక్షకుల పేర్ల కోసం మూడు గీతలున్నాయి. మొదటి గీత మీద ఐవీ బ్లేడ్స్ అని రాసి మిగతా రెండూ కొట్టేశాడు.

"బిస్కట్లు మాత్రం పెట్టెలో ఉండకూడదమ్మా."

"డబ్బాలోనే ఉన్నాయి కదండీ."

"అయినా సరే" అని, డాక్టర్ పెవెరిల్ కాస్త తగ్గి మళ్లీ అడిగాడు.

"ఒకసారి మా దగ్గరకు వచ్చి మా వాళ్లకు ఆ మడత చూపిస్తారా? బుధవారం?"

"బుధవారం ఇత్తడి తోమాలి" అంది ఐవీ. "గురువారం చూస్తాను."

ఆయన సైకిలెక్కి వెళ్లాక ఆడ్లింగ్, మార్జరీ సమాధి పక్కన బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. పెట్టె దక్కింది. ఆ సంతోషం ఎంతసేపటికీ నోటికి రావడం లేదు.

"మనం పట్టుకున్న చెవులతో పెట్టెకు ఏ సంబంధమూ లేదన్నమాట, ఇన్నేళ్లూ" అంది మార్జరీ.

"సంబంధం లేకపోవడమేమిటి? నూనె పోశాం" అన్నాడు ఆడ్లింగ్.

"ఐవీ ఆ చీలల సంగతి మనతో ఒక్కమాట అనలేదు, చూశావా? ఇలా వదిలేస్తే లాభం లేదు."

"అసలు లాభం లేదు. రేపు ఎవరైనా వెనక నుంచి వస్తే?"

ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద ఒకే తీర్మానం రాశారు. హాల్డర్‌బీలో అలాంటిది జరిగి పంతొమ్మిదేళ్లయింది. ఆదివారం చర్చి సంఘం దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, పెట్టెకు వెనక వైపు కూడా గట్టి తాళం ఒకటి బిగించింది, దాని చెవి ఎవరి దగ్గర ఉండాలో తేలేదాకా ఐవీ దగ్గర ఉంచమంది.